దారిప్రక్క ఫలకములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూ హాంప్‌షైర్‌కును వెర్మాంట్‌కును నడుమ కనెక్టికట్ నది ప్రవహించుచున్నది. ఇరుగట్లయందును అవే కొండలు, అవే అడవులు, ఇంచుమించు అదే జీవనము. అయినను వంతెన దాటి వెర్మాంట్ చేరిన బాటసారికి ఒక భేదము వెంటనే గోచరించును. సబ్బుల ఘనతను, బీమా సంస్థల ఔదార్యమును చాటు భారీ హోర్డింగులు అచ్చటి దారుల ప్రక్కన కానరావు. ఈ భేదమును కల్పించినది నది కాదు. 1968లో వెర్మాంట్ శాసనసభ చేసిన చట్టము.

జనమును వాహనములును ఎక్కువైనచోట ప్రకటన ఫలకములును ఎక్కువగునని సాధారణముగా తలచుదురు. అది కొంతవరకే సత్యము. ఏటా లక్షలాది యాత్రికులు దిగు హవాయి ద్వీపములకంటె వర్తకులకు మంచి సంత ఏది? అచ్చట 1927 నుండియే ఫలకములు నిషిద్ధములు. 1912లో హొనొలులు స్త్రీలు కొందరు సంఘముగా కూడిరి. అప్పటికి వారికి ఓటుహక్కయినను లేదు. ఫలకములపై ప్రకటించిన సరకులను కొనవలదని చెప్పుటతో ఆగక, తుదకు 1926లో మిగిలియున్న ఫలకముల కంపెనీని తామే కొని మూసివేసిరి. మరుసటి ఏట చట్టము వచ్చెను. మెయిన్ రాష్ట్రము 1977లోను, అలాస్కా 1998లో ప్రజల ఓటుతోను ఇదే బాట పట్టినవి. దేశమంతటికిని వర్తించు 1965 నాటి చట్టము మాత్రము వ్యాపార ప్రాంతములను మినహాయించి, తొలగించిన ఫలకమునకు పరిహారమీయవలెనని విధించినది. అందుచేత ఇతర రాష్ట్రములలో ఫలకములు నిలిచియే యున్నవి.

ఫలకము లేనిచో చిన్న వర్తకుడు బ్రతుకుటెట్లు? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. వెర్మాంట్‌లో ప్రభుత్వమే ఒకే తీరు గల చిన్న సూచికలను నాటించుచున్నది. పేరు, దిక్కు, దూరము: అంతే. పెద్ద హోటలుకును పల్లెలోని పూటకూటి యింటికిని అక్షరముల పరిమాణ మొక్కటే. ఫలకముల పోటీలో నెగ్గువాడు ఎన్నడును చిన్న వర్తకుడు కాడుగదా!

భారతదేశమున ఇది దృశ్యసౌందర్యమునకు మాత్రమే సంబంధించిన వ్యవహారము కాదు. 2024 మే 13న ముంబయి ఘాట్కోపర్‌లో గాలివానకు ఒక హోర్డింగు పెట్రోలు బంకుపై కూలి 17 మంది మరణించిరి. నగరమున 40 అడుగుల కొలతకు మించరాదని నిబంధన యుండగా, అది సుమారు 120 అడుగులది. చట్టము లేక కాదు. కొలిచి చూచువారు లేక.

తెలుగు పట్టణములలో వ్యాపార ఫలకములకు తోడు నాయకుల జన్మదిన ఫ్లెక్సీలు కూడళ్లను క్రమ్ముచున్నవి. నమస్కరించు చేతుల వెనుక ఊరి పేరు, ఒక్కొక్కచోట రోడ్డు మలుపు సైతము మరుగగుచున్నది. పాఠశాల నుండి బస్సుస్టాండు వరకు గల ఫలకములను లెక్కింపుడని ఉపాధ్యాయులు ఒక ఆదివారము విద్యార్థులకు పని చెప్పవచ్చును. ఎన్నిటిపై అనుమతి సంఖ్య కలదో, ఎన్ని దారిని కప్పుచున్నవో, ఎన్నిటిలో తెలుగు తప్పులు లేకున్నవో వారే వ్రాసి తెత్తురు.