మెట్ల తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

పీజీ చదువుతూ సికింద్రాబాద్‌లోని ఒక వాణిజ్య సముదాయంలో రెండేళ్లు కాల్ సెంటర్ ఉద్యోగం చేశాను. ఒక్కో అంతస్తులో మూడు నాలుగు ఆఫీసులు. కింద బట్టల దుకాణాలు, పైన కోచింగ్ సెంటర్, ఆరో అంతస్తులో మేము. లిఫ్టు పక్క మెట్లు కాక వెనకవైపు ఇంకో మెట్లదారి ఉండేది. ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. ఎందుకని అడిగితే దొంగల భయం అన్నారొకరు, కుర్రాళ్లు అక్కడ సిగరెట్లు కాలుస్తున్నారన్నారు ఇంకొకరు. తాళంచెవి మేనేజర్ దగ్గర లేదు. బాత్రూములు కడిగే అక్క దగ్గర ఉండేది. చీపుర్లు, బకెట్లు ఆమె ఆ మెట్ల మీదే పెట్టుకునేది. ఇంకెక్కడా కూర్చోనివ్వరు కాబట్టి అన్నమూ అక్కడే తినేది. ఆమె మాదిగ, నేనూ అంతే. ఆఫీసులో నేను ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

2023 మార్చి 16 సాయంత్రం స్వప్నలోక్ కాంప్లెక్స్ అంటుకుంది. ఐదో అంతస్తులోని ఒక మార్కెటింగ్ ఆఫీసులో పనిచేసే ఆరుగురు చనిపోయారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. వరంగల్, ఖమ్మం వైపు ఊళ్ల నుంచి వచ్చిన ఇరవైల్లోని పిల్లలు. వాళ్లను చంపింది మంట కాదు, పొగ. ఆ రాత్రి టీవీ ముందు నాకు గుర్తొచ్చింది ఆ తాళంచెవే. అక్క మధ్యాహ్నం రెండింటికే ఇంకో భవనంలో పనికి వెళ్లిపోయేది. చెవి కూడా ఆమె కొంగున ముడేసుకుని వెళ్లిపోయేది. మా షిఫ్టు రాత్రి తొమ్మిది దాకా.

దానికి పది నెలల ముందు, 2022 మే 13న ఢిల్లీ ముండ్కాలో 27 మంది చనిపోయారు. ఎక్కువ మంది మహిళలు. నాలుగంతస్తుల భవనానికి ఒకే మెట్లదారి. అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ లేదు.

అందరూ పంచుకునే భవనంలో ప్రమాదం జరిగాక వినిపించే వాదన ఒకటే. యజమాని అద్దెదారులను చూపిస్తాడు, అద్దెదారులు అసోసియేషన్‌ను, అసోసియేషన్ మెయింటెనెన్స్ ఏజెన్సీని, ఏజెన్సీ వాచ్‌మన్‌ను. 1920లో ‘మూక్‌నాయక్’ మొదటి సంచికలో బాబాసాహెబ్ హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. మన ఆఫీసు భవనాల్లో మెట్లు ఉన్నాయి. వాటిని తెరవమని చెప్పే అధికారం ఒక అంతస్తులో, తాళంచెవి ఇంకో అంతస్తులో.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ చిక్కును ముందే ఊహించింది. ఒకే భవనంలో వేర్వేరు ఫ్యాక్టరీలు అద్దెకుంటే ఉమ్మడి మెట్లకూ, అగ్నిప్రమాద జాగ్రత్తలకూ యజమానే బాధ్యుడని రాసింది. కాల్ సెంటర్ ఫ్యాక్టరీ కాదు కదా! 2020 నాటి వృత్తి భద్రత కోడ్ పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలన్నింటికీ వర్తిస్తుంది. ప్రమాదకర పరిస్థితి కంటపడితే యజమానికి చెప్పడం ఉద్యోగి విధి అంటుంది. భద్రత గురించి సమాచారం అడిగి తీసుకోవడం హక్కు అని కూడా అంటుంది.

కార్మికులకు బాధ్యతలు బోధించడమంటే చచ్చినవాళ్ల మీదే తప్పు వేయడమని మన మిత్రులు కొందరు అంటారు. సగం ఒప్పుకుంటాను. తలుపుకి తాళం వేసినవాడిని వదిలేసి, ఎటు పరుగెత్తాలో తెలియలేదేమని ఆ పిల్లలను అడగడం అన్యాయమే. కానీ ఆ భవనంలో నోరున్నవాళ్లం మేమే. ఏసీ పనిచేయకపోతే మెయిల్ మీద మెయిల్ పెట్టేవాళ్లం. తాళం గురించి రెండేళ్లలో ఒక్క మెయిల్ పెట్టలేదు, నాతో సహా.

ఒకసారి మాక్ డ్రిల్ జరిగింది. మెయిల్ ఐడీ ఉన్నవాళ్లందరికీ ముందే కబురు. మేం కిందికి దిగి పార్కింగ్‌లో సెల్ఫీలు తీసుకుంటుంటే అక్క పైన నేల తుడుస్తూనే ఉంది. క్యాంటీన్ పిల్లాడు టీ పెడుతూనే ఉన్నాడు. వాళ్లు కాంట్రాక్టు, మా లెక్కలోకి రారు. పక్క ఆఫీసుకైతే డ్రిల్ సంగతే తెలియదు. పొగ మాత్రం ఆఫీసుల మధ్య చెక్క గోడల దగ్గర ఆగదు.

ఈ ఏడాది మొదటి ఉద్యోగానికి నగరం వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చేరిన రోజే మెట్లు దిగి చూడండి. రెండో దారి ఎక్కడ, తలుపు తీసే ఉందా, మెట్ల మీద అట్టపెట్టెలున్నాయా, ఫైర్ సిలిండర్ ముల్లు పచ్చగీతలో ఉందా చూడండి. లేకపోతే రాతపూర్వకంగా అడగండి, పక్క ఆఫీసువాళ్ల సంతకాలూ పెట్టించండి. మంటొస్తే లిఫ్టు ఎక్కొద్దు. వంగి నడవండి, వెనక తలుపులు మూసుకుంటూ పొండి. మెట్లనిండా పొగ ఉంటే గదిలోనే ఉండి తలుపు సందుల్లో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నుంచి 101కి ఫోన్ చేయండి. డ్రిల్ జరిగితే ఊడ్చే అక్కనూ వాచ్‌మన్‌నూ వెంట తీసుకెళ్లండి.

ఉద్యోగం మానేసిన రోజు మాత్రం అక్కను అడిగాను, ఒకసారి ఆ తలుపు తీయమని. “సార్‌కు తెలిస్తే నన్ను తీసేస్తరు తమ్మీ” అంటూనే తీసింది. ముందు ఆమె, వెనక నేను దిగాం. నాలుగో అంతస్తు మలుపులో పాత కుర్చీల గుట్ట. మూడోదాంట్లో లైటు లేదు. “గోడ పట్టుకొని రా, ఇక్కడ ఒక మెట్టు పగిలింది” అంది. సెల్‌ఫోన్ లైటు వేయబోతే వద్దంది. ఆమెకు అక్కర్లేదు.