లెక్క మా ఊళ్ల నుంచి మొదలుపెట్టండి
మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు నలమాద ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారికి,



కొలువుల సంగతి ముఖ్యమంత్రికో పరిశ్రమల మంత్రికో రాయాలి గానీ నీటిపారుదల, పౌరసరఫరాల మంత్రికి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. తెలిసే మీకు రాస్తున్నాను. 1999లోనూ 2004లోనూ కోదాడ మిమ్మల్ని అసెంబ్లీకి పంపింది. ఆ తర్వాత హుజూర్‌నగర్ పంపింది. 2019లో మిమ్మల్ని నల్లగొండ ఎంపీని చేసిన ఓట్లలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఓట్లు కూడా ఉన్నాయి. ఇప్పుడు ధాన్యం, బియ్యం మీ శాఖ చేతిలో ఉన్నాయి. మిర్యాలగూడలో మిల్లు తిరిగితేనే హమాలీకి, లారీ డ్రైవర్‌కి, గుమస్తాకి ఆ రోజు గడుస్తుంది. ఈ మూడు ఊళ్ల గురించి మాట్లాడటానికి మీకంటే దగ్గరివారు మాకు లేరు.

తెలంగాణ ఉద్యమం నీళ్లు, నిధులు, నియామకాలు అంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా పొడిచేడు బిడ్డ శ్రీకాంతాచారి 2009లో ఎల్బీనగర్ చౌరస్తాలో ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ జిల్లా వాళ్లం కాబట్టి నియామకం అనే మాటను ఎన్నికల వేదిక మీద ఎవరు తేలిగ్గా వాడినా మాకు కష్టంగా ఉంటుంది.

రాష్ట్రం వచ్చాక జరిగింది మీరు చూశారు. మంజూరైన 4,91,304 పోస్టుల్లో 1,91,126 ఖాళీగా ఉన్నాయని బిశ్వాల్ నేతృత్వంలోని వేతన సవరణ సంఘం తేల్చింది. 2018 ఎన్నికల నాటికి మీరు పీసీసీ అధ్యక్షులు. నిరుద్యోగులకు నెలకు 3,000 రూపాయల భృతి ఇస్తామని మీ పార్టీ చెప్పింది, 3,016 ఇస్తామని టీఆర్‌ఎస్ చెప్పింది. గెలిచినవారు ఇవ్వలేదు. 2023 మే 8న సరూర్‌నగర్ సభలో మీ పార్టీ యూత్ డిక్లరేషన్ ఆ భృతిని 4,000 చేసి, మొదటి ఏడాదిలోనే రెండు లక్షల ఉద్యోగాలంది. అధికారంలోకి వచ్చాక 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ వేసి, 2024 అక్టోబర్‌లోనే పదివేల మందికి నియామక పత్రాలిచ్చారు. అది మంచి పని, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ మొదటి ఏడాదిలో రెండు లక్షలు నిండలేదు, భృతి రాలేదు. 2025లో స్వయం ఉపాధికి రాజీవ్ యువ వికాసం అంటే పదహారు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. జూన్ 2న ఇస్తామన్న మంజూరు పత్రాలు ఆ రోజున అందలేదు.

సూర్యాపేటలో ఏదైనా స్టడీ హాల్‌కి పొద్దున్నే ఒకసారి వెళ్లండి. ప్లైవుడ్ అరల్లో ఒక్కో కుర్చీ, ఒక్కో బల్బు, గోడకు అంటించిన సిలబస్ కాగితం. నెల ఫీజు కట్టి, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుని, రాత్రి పదింటి దాకా అక్కడే ఉంటారు. ఇరవై రెండేళ్ల వాళ్లతో పాటు ముప్పై ఐదు దాటినవాళ్లూ కనిపిస్తారు. మా వీధి కుర్రాడొకడు బీటెక్ మెకానికల్ చదివాడు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే చేస్తున్న చిన్న ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. ప్రభుత్వం మారాక నోటిఫికేషనే రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్తది వచ్చింది. దానికీ రాశాడు. ఆ ఫలితాలను 2025 సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు, డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది, అదే నెలలో నియామక పత్రాలు పంచారు. ఆ పత్రాల్లో వాడిది లేదు. ఇంత జరిగేలోపు గరిష్ఠ వయసు 44 నుంచి 46కు పెంచారు. అభ్యర్థుల ఏళ్లు వృథాగా పోయాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా ఇది?

వాడికి పోస్టు రాకపోవడం నా బాధ కాదు. పోటీ అన్నాక కొందరికే వస్తుంది. వాడికి తెలిసిన మెకానికల్ పనికి దగ్గర్లోనే ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ ఉద్యోగం ఎలా వస్తుందో వాడికి చెప్పిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఏ పార్టీ అయినా కొలువంటే ప్రభుత్వం ఇచ్చేదేనన్నట్టు మాట్లాడుతుంది. నోటిఫికేషన్‌కు తేదీ ఉంటుంది, సభ ఉంటుంది, పత్రాలిచ్చే ఫొటో ఉంటుంది. మిల్లులో దొరికే ఫిట్టర్ పనికి అవేవీ ఉండవు. అందుకే దాని గురించి ఏ మేనిఫెస్టోలోనూ రాయరు.

సాగర్ ఎడమ కాల్వ నీళ్లు పారిన నేల మీద మిర్యాలగూడ మిల్లులు పుట్టాయి. కృష్ణ ఒడ్డున వాడపల్లి నుంచి మట్టంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి ఉండబట్టి సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ స్టేషన్‌కు 2015 జూన్‌లో కేసీఆర్ శంకుస్థాపన చేస్తే, రెండో యూనిట్‌ను 2024 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి జాతికి అంకితం చేశారు. ఒక ప్రభుత్వం మొదలుపెట్టిన పనిని ఇంకో ప్రభుత్వం కొనసాగించడం మన దగ్గర అరుదు కాబట్టి సంతోషించాను. ఇన్ని ఉన్న ప్రాంతం నుంచి పిల్లలు తెల్లవారుజామున కోదాడ బస్టాండ్‌లో నిలబడి ఒకరు హైదరాబాద్‌కు, ఇంకొకరు విజయవాడకు ఎందుకు పోవాలి?

2020 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో వలస కూలీలంతా సొంత ఊళ్లకు పోతుంటే, బీహార్‌లోని ఖగారియా నుంచి రెండు వందల మందికి పైగా కార్మికులతో ఒక రైలు లింగంపల్లికి వచ్చింది. తెలంగాణ రైస్ మిల్లుల్లో పనికి వచ్చినవాళ్లు వాళ్లు. ప్రభుత్వమే స్వాగతం పలికింది. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. బస్తా మోసే పని ఎంత కష్టమో చూసినవాణ్ని, వాళ్లు రాకపోతే ఆ సీజన్ నడిచేది కాదని తెలిసినవాణ్ని. కానీ ఆ రైలు మనకు చెప్పింది ఒకటుంది. మా దగ్గర పని ఉంది. ఆ పనికి కూలి, భద్రత, పీఎఫ్, ఎదుగుదల సరిగా లేకనే స్థానికుడు రావడం లేదు, కాంట్రాక్టర్ దూరం నుంచి మనిషిని తెస్తున్నాడు. అతన్నీ అదే కూలికి, అదే భద్రతకు వదిలేస్తున్నాం.

మిల్లు మీద రాజకీయం ఎలా పడుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. బాయిల్డ్ బియ్యం తీసుకునేది లేదని కేంద్రం, తీసుకోవాల్సిందేనని రాష్ట్రం పంతానికి పోవడంతో వ్యవహారం 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో దీక్ష దాకా వెళ్లింది. 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, ఆగస్టులో బాయిల్డ్ బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. లోక్‌సభ ఎన్నికలు అయిపోయాక 2024 సెప్టెంబర్‌లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు. ధర అదుపు చేయాలన్న ఆలోచన తప్పని అనను. అయితే మిల్లు షిఫ్టు తగ్గితే ముందు పోయేది హమాలీ కూలి అని ఆ నిర్ణయాల వేళ ఎవరైనా లెక్క వేశారా? 2025 మార్చి 31న కాకినాడ రేవులో ఫిలిప్పీన్స్‌కు 12,500 టన్నుల తెలంగాణ బియ్యంతో వెళ్లే ఓడకు జెండా ఊపింది మీరే. దానికి ముందు రోజే ఉగాది నాడు రేషన్‌లో సన్నబియ్యం పథకం మీ హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. ఈ రెండూ మిల్లుకు పని పెంచే పనులే. ఆ పనిలో మా పిల్లలకు ఎంత దక్కుతోందో కూడా చెప్పండి.

చెప్పాలంటే ముందు లెక్క ఉండాలి. దేశంలో 2023–24 నిరుద్యోగం 3.2 శాతమని కేంద్ర కార్మిక సర్వే అంటుంది, 15–29 ఏళ్ల వారిలో 10.2 శాతమంటుంది. ఆ సర్వేలో ఏడాదిలో ముప్పై రోజులు ఏదో పని చేసినవారు కూడా పని ఉన్నవారి కిందికి రావచ్చు. పొలంలో నెల రోజులు తండ్రికి సాయం చేసి మిగతా కాలం స్టడీ హాల్‌లో కూర్చున్నవాడు ఆ శాతంలో కనబడడు. సూర్యాపేటలో ఎందరు, కోదాడలో ఎందరు అన్నది అందులో ఉండదు.

స్థానికులకు డెబ్బై ఐదు శాతం ఇవ్వాలని చట్టం చేయండని నేను అడగడం లేదు. హర్యానా అలాంటి చట్టం చేస్తే 2023 నవంబర్‌లో పంజాబ్–హర్యానా హైకోర్టు కొట్టేసింది. మళ్లీ కోర్టులో చిక్కుకునే హామీ మాకొద్దు. ఈ ప్రాంతంలో ప్రభుత్వ భూమి గానీ, రాయితీ గానీ, మిల్లింగ్ కోసం ప్రభుత్వమిచ్చే సీఎంఆర్ ధాన్యం గానీ పొందుతున్న ప్రతి పరిశ్రమా పర్మినెంట్ ఎందరు, కాంట్రాక్ట్ ఎందరు, జిల్లా వారెందరు, జీతమెంత అన్నది ఆరు నెలలకోసారి కలెక్టరేట్ బోర్డు మీద పెట్టేలా చూడండి. భూములిచ్చిన కుటుంబాలకు యాదాద్రి థర్మల్ స్టేషన్‌లో ఇస్తామన్న ఉద్యోగాల లెక్క కూడా పేరుపేరునా అందులో ఉండాలి. 2023 ఎన్నికల ముందు సూర్యాపేటలో తెరిచిన ఐటీ హబ్‌లో ఇప్పుడు ఎందరు పని చేస్తున్నారో, అది ఎవరి హయాంలో వచ్చిందన్నది పక్కనపెట్టి చెప్పండి.

టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు కదా. మిర్యాలగూడ మిల్లుకు కావాల్సిన డ్రైయర్, సార్టెక్స్ ఆపరేటర్లను, సిమెంట్ ప్లాంటుకు కావాల్సిన ఫిట్టర్లను, ఎలక్ట్రీషియన్లను ఈ జిల్లాల్లోనే తయారు చేయించండి. బాయిలర్ నడిపేవారికి ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి, ఆ పరీక్షకు శిక్షణ మిర్యాలగూడలోనే పెట్టించండి. శిక్షణ అయ్యాక కాంట్రాక్టర్ చుట్టూ తిరగాల్సిన అవసరం లేకుండా మిల్లర్ల సంఘాన్నీ ఫ్యాక్టరీలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే చొరవ మీరు తీసుకోవాలి. ఇద్దరికీ మీ మాట మీద గురి ఉంది.

నోటిఫికేషన్ల విషయంలో ఒకే విన్నపం. 2024 ఆగస్టులో అసెంబ్లీలో పెట్టిన జాబ్ క్యాలెండర్ అనుకున్న తేదీలకు నడవలేదు. దానికి కారణంగా చెప్పిన ఎస్సీ వర్గీకరణ అవసరమైనదే, కానీ అది 2025 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. ఇక తేదీలు ఏ ఎన్నికతోనూ ముడిపడకుండా కమిషన్‌కే వదిలేయండి.

వచ్చే కోతల సీజన్ మొదలయ్యేలోపు మిర్యాలగూడ మిల్లుల లెక్క ఒక్కటైనా బయటపెట్టండి. అది మీ శాఖ పరిధిలోనిదే, దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

భవదీయుడు,
సూర్యాపేట ఓటరు