తాళము వేసిన గ్రంథము

కొన్న గ్రంథము కొన్నవాని స్వాధీనమున నుండుట లోకమర్యాద. ఎలక్ట్రానిక్ గ్రంథముల విషయమున నీ మర్యాద తరచుగా చెల్లుట లేదు. ప్రతులు తీయకుండుటకై వేయు డి.ఆర్.ఎం. అను సాంకేతిక తాళము వలన, అమ్మినవా రంగీకరించిన యంత్రములయందే గ్రంథము తెరచుకొనును. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన గ్రంథవిక్రయశాలను మూసివేయగా, పాఠకులు కొన్న గ్రంథములు చదువుటకు వీలులేకపోయినవి. మూల్యము తిరిగి యిచ్చిరి. టిప్పణములు వ్రాసికొన్నవారికి అదనముగా 25 డాలర్లు జమకట్టిరి. పండితుని టిప్పణమునకు వెల కట్టుట యెట్లు?

గ్రంథకర్త హక్కును రక్షింపవలదని నే ననను. కాని చోరుడు తాళమును ఛేదింపనే ఛేదించును. మూల్యము చెల్లించిన సజ్జనుడే యిబ్బంది పడును. 2012లో సవరింపబడిన మన కాపీరైటు చట్టము హక్కులను భంగపరచు నుద్దేశముతో తాళమును ఛేదించువారికి రెండేండ్ల వరకు కారాగారశిక్ష విధించినది. ధర్మబద్ధమైన ప్రయోజనమునకు తాళపుచెవి నిచ్చు బాధ్యతను మాత్రము అమ్మువానిపై మోపలేదు.

తాళపత్రము శిథిలమగునని యెరిగియే మన పూర్వులు ప్రతులు వ్రాయించిరి. శాస్త్రములు నిలిచినది ఆ ప్రతుల వలననే. కావున ప్రాచ్యగ్రంథములను ప్రకటించు సంస్థలైనను తాళము లేని ప్రతులనే విక్రయింపవలెను. అట్లు కానిచో, అది విక్రయము కాదు, అద్దె యని ముందే చెప్పవలెను.