బందరు రోడ్డుకి వడ్డాణం

మా బెజవాడకి నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి అందం గుర్తొస్తుంది. పుష్కరాలొస్తే గుర్తొస్తుంది. ఎవరో పెద్దమనుషులు వస్తున్నారంటే గుర్తొస్తుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు చూడాలి మా ఊరి సింగారం! గోడల మీద బొమ్మలు, డివైడర్ల మీద పూలమొక్కలు, స్తంభాలకి దీపాలు. పెళ్ళివారొస్తున్నారంటే గబగబా వాకిలికి సున్నం కొట్టించినట్టు. బాగానే ఉంది, నేను కాదనను. అలంకారమంటే ఇష్టం లేని ఆడదెక్కడుంది చెప్పండి? నా గొడవల్లా ఒక్కటే. కాళ్ళకి చెప్పుల్లేని పిల్లకి వడ్డాణం చేయించడమేమిటని!

బందరు రోడ్డు సంగతే తీసుకోండి. కాగితాల మీద దాని పేరు మహాత్మా గాంధీ రోడ్డు. ఆటో అబ్బాయితో ఆ పేరు చెబితే ఒక్క నిమిషం తెల్లమొహం వేస్తాడు. గాంధీగారంటే ఎవరండీ? 1930లో మార్చి 12న బయల్దేరి, ఇరవై నాలుగు రోజులు, సుమారు 240 మైళ్ళు నడిచి ఉప్పు తీసిన మనిషి. నడకతోనే ఒక రాజ్యాన్ని గడగడలాడించిన ఆయన పేరు పెట్టిన రోడ్డు మీద, కంట్రోల్ రూము దగ్గర బయల్దేరి బెంజి సర్కిల్ దాకా ఒక ఇల్లాలు నిబ్బరంగా నడిచి వెళ్ళగలదా అంటే, మొక్కుకుని బయల్దేరాలి. ఇక ఏలూరు రోడ్డుకి పెట్టిన పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. అందులో మొదటి ముక్క మాత్రం మా వాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఎటు చూసినా కార్లే!

అసలు తిరకాసు ఎక్కడుందంటే, వీధిని బాగు చేసేవాళ్ళు దాన్ని కారు కిటికీలోంచి చూస్తారు. అక్కణ్ణించి చూస్తే డివైడర్ మీద పూలు కనిపిస్తాయి, ఫౌంటెన్ కనిపిస్తుంది, రంగు వేసిన గట్టురాయి కనిపిస్తుంది. ఫుట్‌పాత్ మీద ఊడిపోయిన బండ కనిపించదు. అది కాలికి తగిలితేనే తెలుస్తుంది. ఆ కాలు ఎవరిది? ఎక్కువగా మనది. ఇంట్లో ఒక్క బండి ఉంటే అది మగవారితో ఆఫీసుకి పోతుంది. బస్సు దిగి బడికి, బడి నుంచి మందుల షాపుకి, అక్కణ్ణించి కూరలకి, మళ్ళీ బస్సుకి. ఈ ముక్కల నడకంతా మన వాటా. ప్రణాళిక గీసే బల్ల మీద మాత్రం ఈ నడక ఒక గీతగానైనా కనబడదు.

మనది కృష్ణా డెల్టా. కాలువల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇన్నేళ్ళ అనుభవంలో మన రైతులు నేర్చుకున్న నీతి ఒకటుంది. కాలువ బాగుందో లేదో లాకుల దగ్గర నిలబడి చెప్పకూడదు. అక్కడ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. శివారు రైతునడగాలి. నాగాయలంక దగ్గరో, కోడూరు దగ్గరో, కృత్తివెన్ను దగ్గరో చివరి ఎకరానికి నీరందిందా? అందితే కాలువ మంచిది. అందకపోతే లాకులకి ఎన్ని రంగులేసినా దండగే.

రోడ్డుకీ అదే పరీక్ష పెట్టాలంటాను. కారులో పోయేవాడు లాకుల పక్కనున్న రైతు. వాడికెప్పుడూ అందుతుంది. మరి రోడ్డుకి శివారు మనుషులెవరు? ఒక చేత్తో ఆరేళ్ళ పిల్లనీ, ఇంకో చేత్తో కూరల సంచీనీ పట్టుకున్న తల్లి. మోకాళ్ళ నొప్పుల బామ్మగారు. ఏడో నెల గర్భిణి. చక్రాల కుర్చీలో మనిషి. రాత్రి షాపు కట్టేశాక ఒంటరిగా బస్టాపుకి నడిచే అమ్మాయి. వీళ్ళకి దారి అందిందా లేదా? అది చెప్పండి ముందు, ఫౌంటెన్ సంగతి తరవాత చూద్దాం.

ఇదేదో నా చాదస్తం అనుకునేరు! రోడ్లకి కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 2012లో నడిచేవాళ్ళ కోసం నియమాలు రాసిపెట్టారు. ఫుట్‌పాత్ గట్టు ఆరంగుళాలు మించకూడదు. అడ్డమేదీ లేకుండా కనీసం ఆరడుగుల వెడల్పుండాలి. బజారు వీధుల్లో అంతకంటే ఎక్కువుండాలి. అంగుళం విలువ మనకి ఒకరు చెప్పాలా? జాకెట్టులో అరంగుళం తేడా వస్తే దర్జీని వదిలిపెట్టం కదా! అదే కళ్ళతో ఫుట్‌పాత్‌ని చూడండి. గట్టు మోకాటిదాకా వస్తుంది. ఎక్కి నాలుగడుగులు వేస్తే ఓ షాపు గేటు, దిగాలి. మళ్ళీ ఎక్కితే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. తప్పుకుంటే స్కూటర్ల వరస. అవి దాటితే హోటలువారి బోర్డు. ఎక్కి దిగి, ఎక్కి దిగి, సరుకులకెళ్ళి వచ్చేసరికి ఇంద్రకీలాద్రి మెట్ల మొక్కు తీరిపోతుంది. పుణ్యం మాత్రం రాదు.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బ్లేజ్‌వాడ అని ఊరికే పేరు రాలేదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మనకి వార్తే కాదు. ఇంత ఎండలో, మొక్కలేమో నడి రోడ్డున డివైడర్ మీద నాటుతారు. అక్కడ నడిచేదెవరు? వాటికి ట్యాంకరుతో నీళ్ళు పోసి బతికిస్తారు. సంతోషం. ఆ నీళ్ళే ఫుట్‌పాత్ పక్కన ఒక వేపకో కానుగకో పోస్తే నాలుగేళ్ళలో నీడ వచ్చేది. మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె అంటే ఇదే మరి.

ఇంకో మాట. రాయడానికి పూర్వం మొహమాటపడేదాన్ని, ఇప్పుడు పడను. మనలో ఎంతమంది బజారుకి వెళ్ళేరోజున పొద్దుట్నించీ మంచినీళ్ళు తాగడం తగ్గించేస్తారు? ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బీసెంట్ రోడ్డులో చీర కొనడానికి రెండు గంటలు, పక్క షాపులో గాజులకి అరగంట, బస్సుకి అరగంట. ఈలోగా తలుపుకి గడియా, కుళాయిలో నీళ్ళూ ఉన్న చోటు ఒకటి కావాలి. అది లేక ఎండలో దాహాన్ని చంపుకు తిరిగితే మూత్రంలో మంట, జ్వరం, డాక్టరమ్మ దగ్గర క్యూ. రోడ్డు సుందరీకరణ పద్దులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఏ వరసలో ఉందో ఎవరైనా వెతికారా? నన్నడిగితే అది మొదటి వరసలో ఉండాలి.

"అమ్మా, మీరు చెప్పింది బాగానే ఉంది, స్థలమేదీ?" అంటారు. స్థలం లేకేం? ఒక్కో కారు ఒక్క మనిషిని దించి, సాయంత్రం దాకా రోడ్డు పక్కన పైసా అద్దె లేకుండా నిద్రపోతుంది. ఆ నిద్రపోయే చోటులో పదిమంది నడవచ్చు. బెంజి సర్కిల్ మీద 2020లో మొదటి ఫ్లైఓవర్ వచ్చింది. అదే ఏడాది కనకదుర్గమ్మ ఫ్లైఓవర్ వచ్చింది. పైనుంచి పోయేవాళ్ళకి గాలిలోనే దారి వేయగలిగినవాళ్ళకి, కింద దాటే మనిషికి ఒక పచ్చలైటూ, ముసలమ్మ దాటేదాకా ఆగే ఇరవై సెకన్లూ దొరకవా? స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహాన్ని చూడటానికి పల్లెల నుంచి పిల్లాజెల్లాతో వస్తారు. మరి ఆ పిల్లలు క్షేమంగా రోడ్డు దాటాలా, అక్కర్లేదా?

రెండో వాదన ఇంకా గట్టిది. "ఫుట్‌పాత్‌ని చెడగొడుతున్నది తోపుడు బళ్ళవాళ్ళు, వాళ్ళని తీసేస్తే సరి" అంటారు. ఇది మన ఆడవాళ్ళ నోటా వింటూనే ఉంటాను. ఆ మాటంటూనే మల్లెపూలు మూరకి బేరమాడతాం! చిత్తడి రోజున, చీకటి సందులో, పూలమ్మే మనిషి బండి మీది దీపం చూసి మీకు ప్రాణం కుదుటపడలేదా? జేన్ జేకబ్స్ అనే అమెరికా రచయిత్రి, ప్లానింగులో ఏ పట్టా లేని మనిషి, 1961లోనే చెప్పింది, వీధికి కాపలా పోలీసు ఒక్కడే కాదు, వీధిలో మసలే మనుషుల కళ్ళే అని. బళ్ళు దారికి అడ్డంగా ఉండకూడదు, ఒప్పుకుంటాను. అందుకే 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు వాళ్ళని లెక్కించాలి, చోటు చూపించాలి. ఆ పని చూసే కమిటీలో కనీసం నూటికి నలభై మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. పూలమ్మే మనిషిని తోలేసి, ఆ చోట సిమెంటు హంసని పెడితే అది బాగుచెయ్యడం అనిపించుకోదు. ఆ హంస మనకి పూలూ ఇవ్వదు, రాత్రి తోడూ ఉండదు.

ఎక్కడైనా ఇలా జరిగిందా అంటే, జరిగింది. ఆస్ట్రియాలో వియన్నా నగరంలో 1991లో ఆడవాళ్ళ రోజువారీ తిరుగుడు మీద ఒక ఫొటోల ప్రదర్శన పెట్టారు. ఎవరు ఎక్కడికి, ఎలా, ఏం మోసుకుంటూ వెళ్తున్నారో చూపించారు. మరుసటి ఏడాది నగరపాలక సంస్థలోనే ఆడవాళ్ళ కోసం ఒక కార్యాలయం తెరిచారు. తరవాత మరియాహిల్ఫ్ అనే పేటలో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు, కూర్చోవడానికి బెంచీలు వేశారు. వాళ్ళకీ రోడ్లు రబ్బరులా సాగలేదు. ఎవరికి ముందు చోటివ్వాలన్న లెక్క మార్చుకున్నారు, అంతే.

మన దేశంలోనూ, 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది: ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని. అంటే ఇది ఎవరో దయతలచి పెట్టే పసుపుకుంకుమ కాదన్నమాట. మనకి రావలసిన బాకీ.

ఇందులో పోయేదేమిటో ఆలోచించారా? దారి బాగులేదని కూతుర్ని ట్యూషను మాన్పించిన తల్లులున్నారు. రోడ్డు దాటలేక లైబ్రరీకి వెళ్ళడం మానేసిన రిటైరైన టీచరమ్మలున్నారు. పడితే తుంటి ఎముక విరుగుతుందన్న భయంతో గుమ్మం దిగని అత్తగార్లున్నారు. వాళ్ళని ఇంట్లో ఉండమని ఎవరూ శాసించలేదు. ఒక అడుగున్నర గట్టు, ఒక వెలగని దీపం ఆ పని చక్కగా చేసేశాయి. ఎన్ని సభలు పెట్టి స్త్రీ స్వాతంత్ర్యం గురించి ఉపన్యసించినా, ఇంటికెళ్ళేందుకు దారి లేకపోతే ఆ స్వాతంత్ర్యం సభ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఈసారి మన వీధికి సుందరీకరణ వచ్చిందని పేపర్లో చూస్తే, ఊరుకోకండి. నలుగురూ కలిసి వార్డు ఆఫీసుకి వెళ్ళండి. ఫౌంటెన్ ఎన్ని అడుగులని అడక్కండి. గట్టు ఎన్ని అంగుళాలు, నీడ ఎటువైపు, దాటే చోటెక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రి దీపం ఎవరు చూస్తారు, ఈ ఐదూ అడగండి. ఓట్లకొచ్చినవాళ్ళనీ ఇవే అడగండి. ఇంకా వీలైతే ఆ నక్షా గీసినాయన్ని మే నెల మిట్టమధ్యాహ్నం, ఒక చేతికి మీ మనవణ్ణీ ఇంకో చేతికి కూరల సంచీనీ అప్పగించి, కంట్రోల్ రూము నుంచి బెంజి సర్కిల్ దాకా నడిచి రమ్మనండి. ఆయన క్షేమంగా చేరితే, వడ్డాణం చేయించడానికి చందా నేనే మొదట ఇస్తాను.