వెండితెర మీది వైద్యం

‘పలనాటి బ్రహ్మనాయుడు’ (2003) చిత్రంలో కథానాయకుని ఆగ్రహానికి జడిసి రైలుబండి వెనుకకు నడుస్తుంది. ‘శివ’ (1989)లో నాయకుడు సైకిలు గొలుసును వట్టి చేతితో తెంపి ఆయుధంగా చేసుకుంటాడు. మదనపల్లె, పుంగనూరు సినిమాహాళ్లలో ఈ దృశ్యాలకు ఈలలు వేసినవారు మరునాడు రైలుకు ఎదురు నిలిచినట్లు ఎవరూ వినలేదు. అసంభవమని తెలిసే ఆనందించారు, ఇంటికి వెళ్లి నిద్రపోయారు. అటువంటి అసంభవాలతో ఈ పత్రికకు పేచీ లేదు.

మా అభ్యంతరమంతా మరొక తరహా అసంభవాలతో. అవి చూడటానికి అసంభవాలుగా కనిపించవు. అదే వాటిలోని ప్రమాదం.

కథానాయికను పాము కరుస్తుంది. నాయకుడు గుడ్డపేలికతో ఆమె కాలిని బిగించి కట్టి, కాటు మీద నోరు పెట్టి విషాన్ని పీల్చి ఉమ్మివేస్తాడు. ఆమె కన్నులు తెరుస్తుంది, పాట మొదలవుతుంది. దశాబ్దాలుగా మనం చూస్తున్న ఘట్టమిది. హార్స్‌లీ కొండ దిగువన, బి.కొత్తకోట పరిసరాలలో వేరుశనగ చేలలోను, టమోటా తోటలలోను తిరిగే కుటుంబాలకు పాము సినిమా విషయం కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగూ మన దేశంలో అత్యధికంగా ప్రాణాలు తీసే పాములు. 2020లో వెలువడిన ఒక పరిశోధన 2000 – 2019 మధ్య మన దేశంలో పాముకాటు మరణాలు 12 లక్షల వరకు ఉంటాయని, అంటే ఏటా సగటున 58 వేలని అంచనా కట్టింది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కట్టు కట్టడం, విషం పీల్చడం సినిమావారి కల్పనలు కావు. సుశ్రుత సంహిత కల్పస్థానంలోనే కాటుకు నాలుగు అంగుళాల పైన కట్టు వేయమని, నోటిలో గుడ్డ నింపుకొని పీల్చమని ఉంది. ఆనాటి వైద్యుని చేతిలో ఉన్న సాధనాలతో ఆలోచించి చెప్పిన ఉపాయమది. సుశ్రుతుడు చెప్పాడు గనుక నేటికీ అదే చేయాలనడం మాత్రం ఆయనకు గౌరవం కాదు. కోర లోతుగా దించిన విషం క్షణాలలో కణజాలంలో కలిసిపోతుంది. 2004లో అమెరికాలో పీల్చే పరికరంతో నకిలీ విషంపై చేసిన పరీక్షలో, లోపలికి పోయినదానిలో పదివేలకు నాలుగు వంతులు మాత్రమే బయటికి వచ్చింది. పరికరమే ఆపాటిదైతే నోరెంత! బిగించిన కట్టు వలన రక్తప్రసారం నిలిచి కాలు కుళ్లుతుంది. పింజర కాటులో కణజాలం ఎలాగూ దెబ్బతిని ఉంటుంది, కట్టు దానికి తోడవుతుంది.

మరి చేయవలసినదేమిటి? కరిచిన చేతిని గాని కాలిని గాని ఎముక విరిగిన దానివలె బద్ద ఆనించి కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసివేయాలి. నడిపించకూడదు, పాము కోసం వెదుకుతూ కాలం పోగొట్టకూడదు. కాటు వేళను గుర్తుపెట్టుకొని 108కి ఫోను చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. ఎవరైనా ముందే గట్టి కట్టు కట్టి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పరాదు. వైద్యుని ఎదుటనే విప్పాలి. ఆ విరుగుడును గుర్రాలకు స్వల్ప మోతాదులో విషమిచ్చి, వాటి రక్తం నుండి తయారుచేస్తారు. అందుకు కావలసిన విషాన్ని సేకరించేవారిలో ముఖ్యులు చెన్నై సమీపాన 1978లో సహకార సంఘంగా ఏర్పడిన ఇరుల గిరిజనులు. పాముల గురించి వారికి తెలిసినంత మరెవరికి తెలుసు? వారి విద్య నేడు సూదిమందులోకి చేరింది.

‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) చూసి మేమూ ముగ్ధులమయ్యాము. కాని అందులో కట్లపాము కరిచిన రామరాజు గోండు వైద్యంతో కోలుకొని ఆ రాత్రికే పోరాటానికి దిగుతాడు. కట్లపాము విషం నరాల కొనలనే పాడుచేస్తుంది. విరుగుడు మందు పడిన తరువాత కూడా కొందరిని రోజుల తరబడి కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి వస్తుంది. నేల మీద పడుకున్నవారిని రాత్రివేళ కరిస్తే నొప్పి కూడా అంతగా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అజీర్ణమని వాము నీళ్లు ఇచ్చి కూర్చుంటాము. ఈశ్వరి వేరు ఉందిగా అనే పెద్దలూ ఉన్నారు. ఆ జాతి మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను చెరుపుతుందని నేడు రుజువైంది. రక్తపింజర విషం దెబ్బతీసేదీ ఆ మూత్రపిండాలనే!

అదే చిత్రంలో నడవలేని స్థితిలో ఉన్న రామరాజుకు అడవిలో మూలికల కట్టు పడగానే కాళ్లు లేచి యుద్ధం చేస్తాయి. ఆయుర్వేదానికి ఇది కీర్తి అని మురిసిపోయినవారున్నారు. మా దృష్టిలో ఇది అపకీర్తి. విరిగిన సంధి స్థిరపడటానికి యౌవనంలో ఒక నెల, నడివయస్సులో రెండు నెలలు, వార్ధక్యంలో మూడు నెలలు పడుతుందని సుశ్రుతుడే లెక్క చెప్పాడు. మన ప్రాంతంవారికి పరిచయమైన పుత్తూరు కట్టు సంగతీ అంతే. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టు వేసి వారాల గడువు పెడతారు. ఓర్పు లేనివారికి ఏ వైద్యమూ పనిచేయదు. మూలిక క్షణంలో పనిచేయాలని సినిమా చూసి నేర్చుకున్న రోగి, వారం తిరగకుండానే వైద్యుణ్ణి మారుస్తాడు.

తక్కినవి క్లుప్తంగా. పొట్టలో దిగిన కత్తిని నాయకుడు లాగి పారవేస్తాడు. నిజానికి ఆ కత్తే రక్తనాళానికి అడ్డుబిరడాగా ఉండవచ్చు, దానిని కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తలపై దుడ్డుకర్ర దెబ్బ తిని స్పృహ తప్పినవాడు లేచి ఒళ్లు దులుపుకుంటాడు. కపాలంలో రక్తస్రావం గంటల తరువాత బయటపడవచ్చు, వాంతి గాని మగత గాని కనిపిస్తే ఆలస్యం చేయరాదు. క్లోరోఫాం రుమాలు రెప్పపాటులో మనిషిని పడగొట్టదు, నిమిషాలు పడుతుంది. ‘అమర్ అక్బర్ ఆంటొనీ’ (1977)లో ముగ్గురు కొడుకుల రక్తం గొట్టాలలో పైకి ఎగబాకి తల్లికి చేరిన వైనాన్ని తలచుకుని హాయిగా నవ్వుకోవచ్చు. అది ఇంట్లో ఎవరూ చేయలేరు గనుక భయం లేదు.

కల్పనను నిషేధించమని మేము కోరడం లేదు. తెర మీద పొగ త్రాగే దృశ్యం వస్తే హెచ్చరిక అక్షరాలు వేయడం 2012 నుండి అమలులో ఉంది. నాయకుడు విషం పీల్చేటప్పుడు కూడా ‘ఇలా చేయరాదు, 108కి ఫోను చేయండి’ అని ఒక్క పంక్తి వేయమని చిత్ర ధృవీకరణ మండలి ఆదేశించవచ్చు. అంతవరకు, టీవీలో ఆ ఘట్టం వచ్చినప్పుడు పక్కనున్న పిల్లలకు ఆ పంక్తిని మనమే చదివి వినిపించవలసి ఉంటుంది.