మల్లెకు ఎండ, కనకాంబరానికి తడి

మా పెరడు అనగానే పెద్ద తోటను ఊహించుకోకండి. ప్రహరీగోడకూ వంటింటి మెట్లకూ మధ్య 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు నేల. అంతే. ఏలూరులో ఈ ఇంట్లో చేరిననాడే ఆ నేలకు పంపకం జరిగిపోయింది. పొద్దంతా ఎండ తగిలే గోడవారను మా ఆవిడ మల్లెకు రాయించుకుంది. మధ్యాహ్నం తిరిగేసరికి మెట్లనీడ పడే భాగం మా అమ్మ కనకాంబరాలకు తీసుకుంది. నీళ్లు పోసే ఉద్యోగం నాకు దక్కింది. జీతం లేదు గాని, తేడా వస్తే సంజాయిషీ మాత్రం నేనే ఇచ్చుకోవాలి.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక నా దృష్టి మొక్కలకంటే ముందు పేర్లమీదికి పోయింది. మల్లెకేం, మహారాజయోగం! మల్లిక, మల్లియ అని పిలిపించుకుంటూ కావ్యాలనిండా అదే. శ్రీశైలంలో స్వామి పేరులోనే ఉంది. చంద్రవతి అనే రాజకుమార్తె మల్లెలతో అర్చించిందని స్థలపురాణం. పాపం, కనకాంబరానికి అంత వైభవం లేదు. పేరు చూస్తే బంగారు వస్త్రం. పువ్వు చూస్తే బంగారమూ కాదు, వస్త్రమూ కాదు. నారింజపండు రంగు, ఉల్లిపొరంత పలచదనం. శాస్త్రజ్ఞులు మరీ మొరటువాళ్లు, దానికి గరాటు ఆకారమని పేరుపెట్టి ఊరుకున్నారు. బంధుత్వాలు చూసినా అంతే. మల్లెది పారిజాతం కుటుంబం. కనకాంబరం అడ్డసరానికీ నేలవేముకూ చుట్టం; డిసెంబరాలు దానికి వరసకు చెల్లెళ్లు. సిగలో పక్కపక్కనే ఒదిగిపోతాయి గాని, ఈ రెంటికీ చుట్టరికం లేదన్నమాట.

ఈ సంగతి నాకు ముందే తట్టి ఉంటే బాగుండేది.

మల్లెమొక్క కడియంనుంచి తెచ్చాం, బొండుమల్లె. మొదటి రెండేళ్లు ఏపుగా పెరిగి గోడెక్కింది గాని, పువ్వులు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఆకు చూసి మురవడమే. ఏమిటి లోపమని విచారిస్తే తేలిందేమిటంటే, లోపం నా చేతిలో ఉంది. రోజూ నీళ్లు పోస్తున్నాను. మల్లెను అలా గారాబం చెయ్యకూడదట. చలికాలం వచ్చేసరికి నీళ్లు మానెయ్యాలి. ఆకు వాడి, ముదురు కొమ్మలు కట్టెల్లా కనిపించేదాకా ఎండగట్టాలి. తరవాత నేలనుంచి అడుగున్నర ఎత్తు ఉంచి పైదంతా కత్తిరించి, మిగిలిన ఆకు దూసెయ్యాలి. పాదు తవ్వి నాలుగు రోజులు వేళ్లకు ఎండ తగలనిచ్చి, అప్పుడు మాగిన పశువులెరువు వేసి, పాదు కప్పి, నీళ్లు మొదలుపెట్టాలి. కొత్త చిగురు చివరనే మొగ్గ వస్తుంది. పాతకొమ్మను అట్టేపెట్టుకున్నవాడికి ఆకే గతి.

చదివినప్పుడు నాకు మహా ఆనందమయింది. పస్తుపెడితే పూస్తుందంటే ఇంతకంటే చవకైన సేద్యం ఏముంది? 2021 డిసెంబరులో కత్తెర పట్టుకుని దిగాను. గోడవార పని పూర్తయింది. ఉత్సాహం ఇంకా మిగిలింది. పక్కన కనకాంబరాలు కనిపించాయి. అవీ పూలమొక్కలే కదా, వీటికి మాత్రం ఈ వైద్యం ఎందుకు చెయ్యకూడదని జానెడేసి మోడులు ఉంచి అన్నిటినీ నరికాను. ఆకు దూశాను, పాదులు తవ్వాను, నీళ్లు మానేశాను. అమ్మ అప్పుడు మా అక్కగారింటికి వెళ్లి ఉంది. ఉంటే చెయ్యి పట్టుకునేదే.

కనకాంబరం తత్వం పూర్తిగా వేరు. దానికి పస్తులు పనికిరావు. వేళ్ల దగ్గర ఎప్పుడూ కాస్త చెమ్మ ఉండాలి, అయితే నీరు నిలవకూడదు. నిలిచిందా, వేరు కుళ్లుతుంది. మల్లెకు అక్కర్లేని పాక్షికపు నీడ దీనికి సుఖం. మిగతా మొక్కలు ఏడాదికోసారి విరగబూసి సెలవు తీసుకుంటే, ఇది ఏడాదిలో ఎక్కువ నెలలు పూస్తూనే ఉంటుంది. వెన్నులో పువ్వులు అడుగునుంచి పైకి వరసగా విచ్చుకుంటూ వస్తాయి గనుక రోజు విడిచి రోజు కోసుకోవాలి. వాడిన వెన్నులు గిల్లేస్తుంటే చాలు, కొత్తవి వేస్తుంది. దానికి కావలసిన కత్తిరింపు అంతే, గోటితో చేసేది.

మూడువారాల తరవాత అమ్మ వచ్చి, పెట్టె కింద పెట్టకుండానే పెరట్లోకి చూసింది. గోడవార మల్లెకు ఎర్రచిగుళ్లు. మెట్లపక్క పదిహేను ఎండుపుల్లలు.

"ఎవరు కొట్టారురా వీటిని?" అంది.

సంజాయిషీ ఇచ్చుకున్నాను. అమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఏదో చేతికందుతూ ఉండేవి, రెండు పువ్వులు పెట్టుకునేదాన్ని" అని లోపలికి వెళ్లిపోయింది.

మొక్కలు కొనితెస్తాన్లే అనుకున్నాను గాని, పరీక్షలూ పేపర్లూ వచ్చి పడ్డాయి. ఫాల్గుణంలో మల్లె మొదలయింది. చెప్పకేం, నా కత్తెర పనితనం అక్కడ మాత్రం ఫలించింది. పొద్దున్నే విచ్చని మొగ్గలు కోసి తడిగుడ్డలో చుట్టిపెడితే సాయంత్రానికి ఇల్లంతా ఘుమఘుమ. మా ఆవిడ అరటినారతో దండకట్టి, ఒక మూర తెంపి అమ్మకు ఇవ్వబోయింది. (మూరంటే మా ఆవిడ మూర. పూలమ్మే మనిషి మూర జానా బెత్తెడు మించదు.)

"అత్తయ్యగారూ, మీరూ పెట్టుకోండి."

"నాకా వాసన పడదమ్మా, తలనొప్పి. నువ్వు పెట్టుకో."

నాకు తెలిసినంతకాలం అమ్మ మాట అదే. చిన్నప్పటినుంచి ఆమె సిగలో కనకాంబరాలే చూశాను, మల్లె చూసిన జ్ఞాపకం లేదు. ఎవరి అభిరుచి వారిది అనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ మాత్రం, "తలనొప్పి కాదండీ" అంది. మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ అమ్మ ఆమెతో చెప్పిందట.

నాకంటే రెండేళ్లముందు ఒక ఆడపిల్ల పుట్టి పదకొండోరోజున పోయింది. పోయిందని నాకూ తెలుసు. మా ఇంట్లో అంతకుమించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బిడ్డ పోయినా తల్లికి పాలు ఆగవు కదా. మా నాయనమ్మ పెరట్లో మల్లెలు కోయించి, దండలు గుచ్చి, కోడలి రొమ్ములమీద వేసి గుడ్డతో కట్టేదట. వాడినవి తీసి కొత్తవి. అలా వారంరోజులు. పాలు ఇంకిపోయాయి. ఆనాటినుంచి అమ్మ మల్లె ముట్టుకోలేదు. ఆ వాసన తగిలితే మళ్లీ ఆ గదిలోనే పడుకుని ఉన్నట్టుంటుందట.

నాయనమ్మది మూఢనమ్మకం కాబోలు అనుకునేవాళ్లకోసం ఒక మాట చెప్పాలి. మర్నాడు మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడితో ప్రస్తావిస్తే ఆయన ఒక వ్యాసం వెదికి తెచ్చారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు ఈ మల్లెపూల వైద్యాన్నే పరీక్షించి 1988లో ఫలితాలు ప్రకటించారు. కొందరు తల్లులకు బ్రోమోక్రిప్టిన్ అనే మాత్ర, కొందరికి రొమ్ములమీద మల్లెపూలు. పాలకు కారణమైన ప్రొలాక్టిన్ అనే పదార్థం ఇద్దరిలోనూ రక్తంలో తగ్గింది. మాత్రతో ఎక్కువ తగ్గిన మాట నిజమే. కాని పాలు తగ్గడంలోనూ, రొమ్ముల గట్టితనంలోనూ, నొప్పిమందు అవసరంలోనూ రెండూ సమానంగా పనిచేశాయట. అవసరమైనవారు డాక్టరును అడగాలి, నా వ్యాసాన్ని కాదు. పూలదండ ఉపయోగాల్లో ఇదీ ఒకటని నేను నలభయ్యేళ్లు దాటాక తెలుసుకున్నాను. అంతే.

కనకాంబరానికి వాసన లేదని నేనూ ఎన్నోసార్లు తీసిపారేశాను. మల్లెతో కలిపి దండ కడితే రంగు దీనిది, పరిమళం దానిది, అని పాఠంలో ఉపమానంగా కూడా వాడుకున్నాను. వాసన లేకపోవడమే కావలసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నదని తెలియలేదు.

సరే, నరికినవాణ్ణి నేనే గనుక మళ్లీ బతికించే పూచీ కూడా నాదే. కొత్తమొక్కలు తెస్తానంటే అమ్మ వద్దంది. తనవి పుట్టింటినుంచి తెచ్చుకున్న విత్తనాలట. అదృష్టం కొద్దీ నేను నరికి మూలన పడేసిన కొమ్మలకు ఎండు వెన్నులు ఉన్నాయి. మా అమ్మాయి వాటిని పళ్లెంలో వేసి నీళ్లు చిలకరించి, పైన పలచని గుడ్డ కప్పింది. కాసేపటికి లోపల చిటపటమని చప్పుడు. కనకాంబరం కాయ తడి తగిలితే పేలి గింజను దూరంగా విసిరేస్తుంది. గుడ్డ లేకపోతే గింజలు వంటిల్లంతా ఏరుకోవలసిందే. నాటురకం గనుక గింజ దొరికింది. ఢిల్లీ కనకాంబరం అని అమ్మేది గింజ పట్టదు, దానికి కొమ్మ నాటుకోవడమే.

ఆషాఢంలో కుండీలో చల్లాం. నాలుగాకులు వేశాక మడిలోకి మార్చాం. మొదటి దఫాలో ఆరుమొక్కలు గిడసబారి, ఆకు పసుపెక్కిపోయాయి. పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు. కంటికి కనపడని నులిపురుగు పని. కనకాంబరానికి పెద్ద శత్రువు అదే. మట్టి తిరగేసి వేపపిండి కలిపి, మధ్యమధ్య బంతి నాటాం. బంతివేళ్ల దగ్గర ఆ పురుగు వృద్ధికాదు. మిగిలినవి నిలిచాయి. ఆ కార్తీకానికి మొదటి వెన్నులు వేశాయి. రెండుమూడేళ్లకు మొక్క ముదిరి పూత తగ్గిపోతుంది గనుక, ఏటా కొంత గింజ దాచి నారు పోయడం అప్పటినుంచి మా ఇంటి ఆనవాయితీ అయింది.

ఇప్పుడు గోడవారకూ మెట్లపక్కకూ మధ్య ఇటుకలు వరసగా పాతాను. ఈ నెల గోడవార చుక్కనీరు లేదు, మల్లె పస్తుంది. మెట్లపక్క రోజు విడిచి రోజు తడి. కత్తెర మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. గోడవార పనికైతేనే ఇస్తుందట.

ఇవాళ పొద్దున్న అమ్మ పళ్లెంలో పూలు లెక్కపెట్టుకుంది. నలభైమూడు. దండకు చాలవు, ఎల్లుండి కోతతో కలిపి కట్టుకుంటానని తడిగుడ్డ కప్పి లోపల పెట్టింది.