నేల వెయ్యమంటే అద్దం వేస్తారేంటండీ?

ఈ మధ్య మనవాళ్ళు ఎవరు ఫ్లాటు కొన్నా అదే తంతు. హాల్లో అడుగు పెడితే ఫాల్స్ సీలింగూ, దాన్లోని లైట్లూ కింద నేలలో తలకిందులుగా వేలాడుతుంటాయి. "ఇటాలియన్ ఫినిష్ అండీ" అంటారు ఇంటాయన. ఇటలీ లేదు, గిటలీ లేదు. చాలావరకు అది గుజరాత్‌లోని మోర్బీలో తయారయిన సరుకు. మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి, అచ్చులో నొక్కి, పైన పాలరాయి బొమ్మ ప్రింటు కొట్టి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చిన బిళ్ళ. చెడ్డదని నేననను. నీళ్ళు పీల్చదు, పసుపు మరక అంటదు. నా గొడవల్లా ఆ మెరుపుతోనే.

మనం రోజంతా ఆఫీసులో యూజరు, యూజరు అని కలవరిస్తాం కదా, మరి ఇంటి నేలకి యూజరెవరు? పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని పోయే మనమా? స్నానం చేసి తడికాళ్ళతో దేవుడి గదికి వెళ్ళే అమ్మ, రాత్రి రెండింటికి లైటు వెయ్యకుండా బాత్రూముకి లేచే నాన్న, తడిగుడ్డ పెట్టి ఆ తడి మీదే వెనక్కి నడిచే పనిమనిషి. అసలు యూజర్లు వీళ్ళు. పాలిష్ టైలు పొడిగా ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది, నాలుగు చుక్కలు పడితే మాత్రం దాని అసలు రంగు బయటపడుతుంది. డెబ్భై ఏళ్ళ మనిషికి తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత జీవితం ఎలా ఉంటుందో మనలో చాలామందికి ఎవరో ఒకరి ఇంట్లో చూసిన అనుభవమే.

ఇంకో చిత్రం చూడండి. అదే అపార్టుమెంటులో సెల్లార్‌కి దిగే ర్యాంపు మీద టైర్లు జారకుండా గీతలు కోస్తారు. కారుకి పట్టు కావాలిట, అమ్మకి అక్కర్లేదుట!

షాపువాడిని అడిగితే "యాంటీ స్కిడ్డే సార్" అంటాడు. ఆ మాటకి కొలత లేదు. కొలతలు వేరే ఉన్నాయి. R9, R10, R11 అని రాస్తారు చూడండి, అది నూనె పోసిన ఏటవాలు మీద బూట్లేసుకున్న మనిషిని నడిపించి, ఎన్ని డిగ్రీల దాకా జారకుండా నిలబడ్డాడో చూసే పరీక్ష. అందులో R9 అన్నిటికన్నా కింది మెట్టు. మనం ఇంట్లో బూట్లేసుకుని తిరగం కాబట్టి అంతకన్నా పనికొచ్చేది సబ్బునీళ్ళ మీద ఉత్తి కాళ్ళతో చేసే పరీక్ష. దానికి A, B, C గ్రేడులు. A అంటే కనీసం 12 డిగ్రీలు, B కి 18, C కి 24. బాత్రూముకీ, బట్టలుతికే చోటుకీ B అయినా అడగండి. తెల్లమొహం వేస్తే షాపు మారండి. ఈశాన్యం రెండంగుళాలు పెరిగిందా లేదా అని టేపు పెట్టి కొలిచే జాతి మనది, ఈ ఒక్కటీ అడగలేమా?

అమెరికాలో కూర్చుని వాట్సాప్ ఫోటోలో టైల్స్ ఎంచే మహానుభావులకి వేరే నమస్కారం. ఫోటోలో కనబడేది మెరుపొక్కటే బాబూ, జారుడు కనబడదు. ఇక్కడున్న తమ్ముడినో బావమరిదినో పంపండి. చెప్పులు విప్పి, శాంపిల్ బిళ్ళ మీద మగ్గు నీళ్ళు పోయించుకుని నిలబడమనండి.

మ్యాట్ వేస్తే మురికి పడుతుందంటారు. నిజమే, మరీ గరుకైతే అప్పుడప్పుడూ బ్రష్షుతో రుద్దుకోవాలి. హాలుకి అంత గరుకు అక్కర్లేదు, మామూలు మ్యాట్ చాలు. వంటగది, బాల్కనీల్లో మాత్రం రాజీ పడకండి. బాత్రూములో పెద్ద పలకలు వద్దు. చిన్నవి వేస్తే నీళ్ళు పోయే వాటం సరిగ్గా కుదురుతుంది, సందులు ఎక్కువుండి కాలికి పట్టూ దొరుకుతుంది.

అన్నట్టు, మన నాపరాళ్ళు ఏం పాపం చేశాయి? హైదరాబాదు పక్కనే తాండూరు ఉంది, అటు బేతంచెర్ల ఉంది. తాతల కాలం నుంచీ తొక్కిన బండలే. వాటికీ ఓ బలహీనత ఉంది, అది సున్నపురాయి కాబట్టి నిమ్మకాయ, చింతపండు, బాత్రూం యాసిడ్ పడితే తింటుంది. (లక్షలు పోసి కొనే అసలు ఇటాలియన్ మార్బులుదీ అదే రోగం, దానికి మాత్రం ఎవరూ వంక పెట్టరు.) బండలేయించుకుంటే యాసిడ్ కడుగుడు మానెయ్యండి, మేస్త్రీకి ముందే చెప్పి అద్దంలా పాలిష్ పట్టకుండా ఆపండి. లేకపోతే మళ్ళీ మొదటికే వస్తాం.

బిల్డరు కాగితంలో "పేరున్న కంపెనీ విట్రిఫైడ్ టైల్స్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాడు. అక్కడ మ్యాట్ అనీ, గ్రేడు ఇదనీ సంతకానికి ముందే రాయించండి. టైల్స్ లారీ దిగాక అడిగితే "మార్పులకి ఎక్స్‌ట్రా అవుతుంది సార్" అంటాడు.